పెట్ట అనుకున్నది పుంజైతే?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మన తిరుపతిలో పిల్లలున్న ఇళ్లలోకి ఒక కొత్త చుట్టం వస్తుంది. గులాబీ రంగో, పచ్చ రంగో, ఊదా రంగో పూసిన కోడిపిల్ల. జాతరలో కనబడుతుంది, సంతలో కనబడుతుంది, సైకిల్ వెనుక బుట్ట కట్టుకుని వీధిలోకి వచ్చిన మనిషి దగ్గర కనబడుతుంది. ధర చాక్లెట్ ధర. పిల్లలు అడుగుతారు, మనం కాదనలేం. ఇంటికి వచ్చేలోపే దానికి పేరు కూడా పెట్టేస్తారు. చిట్టి, లక్ష్మి, బంగారి. పేరు దాదాపు ఎప్పుడూ ఆడపేరే ఉంటుంది. ఎందుకంటే అది పెరిగి పెద్దదై గుడ్లు పెడుతుందని అమ్మినాయన చెప్పి ఉంటాడు.

ఆ పిల్లల్లో చాలావరకు వారం, పది రోజుల్లోనే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం బతికి బట్ట కడతాయి. మే నెలలో కొన్నది బతికిందంటే, దసరా సెలవులు, కొండ మీద బ్రహ్మోత్సవాలు వచ్చే నాటికి ఒకరోజు చీకటితోనే లక్ష్మి మిద్దె మీద నుంచి గొంతెత్తి కూస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ఇన్నాళ్లూ పెంచింది పెట్టను కాదు, పుంజును అని.

మొదట అందరూ నవ్వుకుంటారు. ఆ తర్వాత వారం రోజుల్లో ఆ ఇంట్లో జరిగేదాని గురించే ఈ వ్యాసం. ఆ వారంలో మనం పిల్లలకు ఏం చెబుతామన్నది, ఆ కోడిని ఏం చేస్తామన్నదాని కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ పిల్ల ఎక్కడి నుంచి వస్తుంది?

వీధిలో కొన్న రంగు కోడిపిల్ల పుంజు కావడం మన దురదృష్టమని చాలామంది అనుకుంటారు. కాదు. దానికి కారణం గుడ్ల వ్యాపారంలో ఉంది.

గుడ్ల కోసం పెంచే కోళ్లను లేయర్లు అంటారు, మాంసం కోసం పెంచేవాటిని బ్రాయిలర్లు అంటారు. రెండూ వేర్వేరు రకాలు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోల బరువుకు వచ్చేస్తుంది. లేయర్ పెట్ట తిన్నదంతా గుడ్డుకే పోతుంది. మంచి లేయర్ పెట్ట ఏడాదికి 300కు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. అయితే పొదిగిన పిల్లల్లో సుమారు సగం మగవి. అవి గుడ్లు పెట్టవు, బ్రాయిలర్ మాదిరి త్వరగా ఒళ్లు చేయవు. వాటికి మేత పెట్టి పెంచితే ఖర్చు కూడా తిరిగి రాదు. అందుకే లేయర్ హేచరీల్లో పిల్ల పుట్టిన రోజే ఆడా మగా తేల్చేస్తారు.

కోడిపిల్లలో ఆడా మగా పైకి తెలియదు. పిల్ల వెనుక భాగాన్ని సున్నితంగా తెరిచి చూసి గుర్తించే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అందులో ఆరితేరినవాళ్లు గంటకు వెయ్యి పిల్లలను వేరు చేస్తారు. కొన్ని రకాల్లో రెక్క ఈకల పొడవును బట్టి కూడా చెప్పవచ్చు. ఆ రకం కానివాటికి ఆ లెక్క పనిచేయదు.

వేరు చేశాక ఆడపిల్లలు ఫారాలకు పోతాయి. మగవాటి గతే కష్టం. ప్రపంచం మొత్తం మీద ఏటా 600 నుంచి 700 కోట్ల మగపిల్లలను పుట్టిన రోజే చంపేస్తున్నారని అంచనా. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దీన్ని నిషేధించింది. ఫ్రాన్స్ కూడా ఆ దారి పట్టింది. గుడ్డు పొదుగులో ఉండగానే లోపలి పిండం ఆడదో మగదో తేల్చే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన దేశంలో ఈ మగపిల్లల్లో కొన్ని చౌకగా చేతులు మారి, రంగు పూసుకుని వీధుల్లోకి వస్తాయి. అంటే మన పిల్లల చేతికి వచ్చే ఆ గులాబీ రంగు 'లక్ష్మి' మొదటి రోజు నుంచే పుంజు అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మన గంగ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. అది భక్తితో, తెలిసి కట్టుకునే వేషం. కోడిపిల్లకు రంగు పూసి, 'పెట్టపిల్లే సార్' అన్న మాట తగిలించి కట్టిన వేషం వ్యాపారానిది. నాలుగు నెలల తర్వాత ఆ వేషం తొలగినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం అమ్మానాన్నలు.

ఎప్పుడు తెలుస్తుంది?

కాస్త గమనించే ఇంట్లో కూతకు ముందే తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పుంజుపిల్ల తల మీది తురాయి పెద్దదై ఎర్రబడుతుంది. గొంతు కింద వేలాడే తోలు కూడా అంతే. అదే వయసు పెట్టపిల్లకు తురాయి చిన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. మూడు నెలలు దాటాక మెడ మీదా నడుము మీదా కొనదేలిన పొడుగు ఈకలు వస్తాయి. తర్వాత తోకలో కొడవలి మాదిరి వంగిన ఈకలు వస్తాయి. కాళ్లు లావుగా ఉంటాయి. కూత సాధారణంగా నాలుగైదు నెలలకు వస్తుంది, కొన్నిటికి ఇంకా ముందే వస్తుంది.

ఇక్కడ అవ్వలు ఒక మాట అంటారు: 'పెట్టే కూసింది, ఇంటికి మంచిది కాదు.' చాలాసార్లు అది అసలు పెట్టే కాదు. నిజంగా పెట్ట కూయడమూ ఉంది, కానీ అరుదు. పెట్ట కడుపులో పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. రోగం వల్ల అది చెడితే ఒంట్లో హార్మోన్లు మారి, పెట్టకు తురాయి పెరగడం, కూయడం జరగవచ్చు. ఇంటికి అరిష్టమేమీ కాదు. ఆ కోడికే ఒంట్లో బాగాలేదు.

పిల్లలకు చెప్పదగ్గ ఇంకో సంగతి ఉంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే కణం. కోళ్లలో దీనికి తలకిందులు. అక్కడ తేల్చేది తల్లి అండం. పైతరగతుల జీవశాస్త్రంలో ఈ పాఠం వస్తుంది. ఆడపిల్ల పుడితే కోడలిని తప్పుపట్టే ఇళ్లు ఇంకా ఉన్న ఊళ్లలో ఈ పాఠం అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడుకోవచ్చు.

ఆ వారంలో ఇంట్లో జరిగేది

పుంజని తేలాక చాలా ఇళ్లలో వరస ఇలా ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే రెండో రోజుకే పక్క ఫ్లాటువాళ్లు తలుపు తడతారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషికి తెల్లవారుజామున నాలుగింటి కూత నరకమే, వాళ్లను తప్పుపట్టలేం. మూడో రోజు నాన్న, 'పుంజును పెట్టుకుని ఏం చేస్తాం, గుడ్లా పాడా' అంటాడు. ఆదివారం నాటికి కోడి ఉండదు. సాయంత్రం పాప అడుగుతుంది, 'అమ్మా, నా లక్ష్మి యాడ?' అని. 'తాత వాళ్ల ఊరికి పంపించినాం' అనో, 'పిల్లి ఎత్తకపోయింది' అనో జవాబు వస్తుంది.

ఇందులో రెండు విషయాలు పాపకు తగులుతాయి. మనం గమనించం గానీ రెండూ గట్టిగానే తగులుతాయి.

మొదటిది, పనికిరాదన్న మాట. నిన్నటి దాకా పాప వెనకాలే తిరిగిన, ఒళ్లో నిద్రపోయిన కోడి అదే. దానిలో ఏమీ మారలేదు. అది పుంజని మనకు తెలిసింది, అంతే. మగదని తెలియగానే దాని విలువ పోయింది. మనుషుల విషయంలో ఇదే మాట తిరగబడి, ఆడపిల్ల అని తెలియగానే విలువ తగ్గించే ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చేయాల్సి వచ్చిన దేశం మనది. 'పుంజా? అయితే అక్కర్లేదు' అని పిల్లల ముందు అనేటప్పుడు, పుట్టుకను బట్టి విలువ కట్టే ఆ అలవాటునే మనం వాళ్లకు నేర్పుతున్నాం.

రెండోది, అబద్ధం. ఇది ఇంకా బరువైనది. పాపకు నిజం ఎలాగూ తెలుస్తుంది. కింది ఇంటి పిల్లవాడు చెబుతాడు, లేదా చెత్తబుట్టలో ఈకలు కనబడతాయి, లేదా సంక్రాంతికి తాత ఊరికి పోయినప్పుడు కోడి యాడ అని వెతుకుతుంది. కొన్నేళ్ల తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చి, 'అవ్వ ఊరికి పోయింది, వచ్చేస్తుంది' అని మనం అన్నప్పుడు, ఆ పాప మనల్ని నమ్మాలా వద్దా? పది రూపాయల కోడిపిల్ల విషయంలో ఆడిన అబద్ధం అంత దూరం పోగలదు.

'చిన్నపిల్లలు, తట్టుకోలేరు' అని మనం అంటాం. పిల్లలు బాధను తట్టుకుంటారు. ఏడుస్తారు, రెండు రోజులు అన్నం సరిగా తినరు, తర్వాత కోలుకుంటారు. తమను మోసం చేశారని తెలిస్తే మాత్రం, ఏడ్చి మరిచిపోయే బాధ కాదది. ఆరేళ్ల పాపకైనా, 'ఇది పుంజు. మన ఇంట్లో పెట్టుకోలేం. ఏం చేయాలో అందరం కూర్చుని మాట్లాడుకుందాం' అని చెబితే అర్థమవుతుంది.

మరి మనం కోడిని తినమా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రాగిసంకటి, నాటుకోడి పులుసు తినే ప్రాంతంలో కూర్చుని కోడిపుంజు కోసం కన్నీళ్లేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

మాంసం తినవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు పల్లెల్లో పెరిగిన పిల్లలకు గంప కింద కోళ్లలో ఏది పొదుగుకు ఉంచుతారో, ఏది పండక్కి పోతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడ ఎవరూ దాచరు. బాధపడే పిల్లలు అక్కడా ఉంటారు, కానీ మోసపోయే పిల్లలు తక్కువ. పట్నంలో మనం చేసేది వేరు. పేరు పెట్టి, ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టి, బొమ్మలా పెంచి, అవసరం తీరాక కూరగా మార్చి, ఆ సంగతి దాస్తాం. పెంపుడు జంతువా, మేత మేసే కోడా అన్నది మొదటి రోజే ఇంట్లో తేల్చుకోవాలి. నాలుగు నెలల తర్వాత మనకు అనువుగా మార్చుకోకూడదు.

మాంసం ముట్టని ఇళ్లకు ఇబ్బంది ఇంకో రకం. కొండ మీద మాంసం నిషేధం. దేవస్థానంలో పనిచేస్తూ కింద తిరుపతిలో కాపురముండే శాకాహార కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలూ రంగు కోడిపిల్ల అడుగుతారు. అది పుంజైతే ఎవరికిచ్చినా చివరికి ఏమవుతుందో పెద్దలకు తెలుసు. అప్పుడు 'వాళ్లు బాగా చూసుకుంటారు' అని పిల్లలకు చెప్పడం, మనకు మనం చెప్పుకోవడం, రెండూ నిజం కావు. 'మనం ఇచ్చేశాక అది మన చేతిలో ఉండదు, వాళ్లు తినే ఇంటివాళ్లు' అని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం లేకపోతే కొనకపోవడమే మేలు.

పుంజని తేలాక దారులు

నిజం చెప్పే ఇంటికి దారులు నాలుగున్నాయి. సొంత ఇల్లు, పెరడు ఉంటే పెంచుకోవచ్చు. రాత్రి చీకటిగా, గాలి ఆడే గూట్లో పెడితే కూత కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో తేల్చిన సంగతి ఏమిటంటే, పుంజు వెలుతురు చూసి మాత్రమే కూయదు, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంది. మసక వెలుగులోనే ఉంచినా తెల్లవారే వేళ అయ్యేసరికి కూసింది. తొలికోడి కూసిందని లేచే మన పెద్దల లెక్క తప్పు కాదన్నమాట. కాబట్టి ముందు ఇరుగుపొరుగుతో మాట్లాడాలి.

రెండోది, కోళ్లు పెంచే బంధువులకు నిజంగానే ఇవ్వడం. అప్పుడు పిల్లలను వెంట తీసుకుపోయి, వాళ్ల చేతులతోనే ఇప్పించాలి. తీసుకునేవాళ్లు దాన్ని ఏం చేయదలచుకున్నారో పిల్లల ముందే అడగాలి. లేయర్ పుంజు సన్నగా ఉంటుంది కాబట్టి నాటు పుంజుల మధ్య వదిలితే దెబ్బలు తింటుంది, కొన్నాళ్లు వేరుగా ఉంచమని చెప్పాలి. మూడోది అమ్మేయడం. నాలుగోది ఇంట్లోనే కోయడం. చివరి రెండూ చేసే ఇల్లు చెప్పి చేయాలి. ఆ పూట కూర తినమని పిల్లలను బలవంతపెట్టకూడదు, తిననన్నందుకు ఎగతాళి చేయకూడదు. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకుంటారన్నది ఆయా ఇంటి ఇష్టం. ఐదో దారి, అంటే చీకట్లో మాయం చేసి కథ చెప్పడం, మాత్రం వద్దు.

కొనకముందు అడగాల్సిన ప్రశ్న

ఇదంతా మొదటి రోజే ఒక ప్రశ్నతో తేలిపోతుంది. బుట్ట ముందు పిల్లలు చేయి పట్టుకుని లాగుతున్నప్పుడు అడగండి: 'ఇది పుంజైతే ఏం చేద్దాం?' జవాబు ఇంట్లో అందరికీ ఒప్పుదల అయితే కొనండి. జవాబు దొరక్కపోతే ఐస్‌క్రీమ్ కొనిచ్చి ఇంటికి రండి.

కొన్నవాళ్లకు నాలుగు జాగ్రత్తలు. మొదటి వారం పిల్లకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో పాత పేపర్లు పరిచి, కాస్త ఎత్తులో పాతకాలపు 60 వాట్ల బల్బు పెడితే చాలు, ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. నీళ్లు లోతు లేని మూతలో పెట్టాలి. బియ్యం ఒక్కటే పెడితే చాలదు, కోడిపిల్లల మేత వేరే దొరుకుతుంది. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే చుక్కల మందు వేయించాలి. ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముద్దులు పెట్టుకోకూడదు. కోళ్ల నుంచి సాల్మొనెల్లా వంటి క్రిములు చిన్నపిల్లలకు త్వరగా సోకుతాయి. 2024 ఫిబ్రవరిలో మన పక్క నెల్లూరు జిల్లాలోనే బర్డ్ ఫ్లూ బయటపడింది. చుట్టుపక్కల కోళ్లు ఒక్కసారిగా చస్తున్నాయని వింటే పశువైద్యుడికి చెప్పాలి.

నిజంగా గుడ్ల కోసమే అయితే రోజుపిల్లను కొనవద్దు. మూడు నెలలు దాటి, పెట్టని స్పష్టంగా తెలిసిన కోడిని కొనండి. పెరటి పెంపకానికని హైదరాబాద్ పరిశోధన సంస్థలో తయారైన వనరాజా, గ్రామప్రియ రకాలు ఉన్నాయి. ధర ఎక్కువే, కానీ తర్వాత వచ్చే ఏడుపు తప్పుతుంది.

మన స్కూలుకూ ఒక విన్నపం. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది. ఇక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి నడుస్తోంది. ఏప్రిల్‌లో సెలవులు ఇవ్వబోయే ముందు అక్కడి నుంచి ఒక వైద్యుణ్ణి పిలిపించి, చిన్న తరగతుల పిల్లలకు ఒక గంట మాట్లాడిస్తే బాగుంటుంది. రంగు కోడిపిల్ల ఎక్కడి నుంచి వస్తుంది, ఏం తింటుంది, పెరిగితే ఏమవుతుంది అన్నది పిల్లలు నేరుగా అడిగి తెలుసుకుంటారు. ఇప్పటికే ఇంట్లో కోడి ఉన్న పిల్లలు వారం వారం దాని బరువు, తురాయి రంగు, మొదటి కూత తేదీ ఒక నోటుబుక్‌లో రాసుకుంటే, అంతకు మించిన సైన్స్ ప్రాజెక్టు ఉండదు. చార్టు మీద అమ్మ రాత్రంతా కూర్చుని అతికించిన బొమ్మల కంటే అది నయం.

వచ్చే వేసవిలో మీ పాప బుట్ట దగ్గర ఆగితే కసురుకోకండి. పక్కన కూర్చుని, 'ఇది పెద్దదైతే పుంజు కావచ్చు, అప్పుడూ దీన్ని ఇలాగే చూసుకుంటావా?' అని అడగండి. పాప చెప్పే జవాబు వినండి. ఆ తర్వాత మీ మాట కూడా చెప్పండి, తప్పకుండా నిలబెట్టుకోగలిగిన మాటే.